ఒక్క అంచె దాటి ఆగిపోయే రేబిస్

(సైన్స్ ఉపన్యాసానికి రాసుకున్న పాఠం. చివర్లో సభికుల ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

మీలో కాస్త వయసున్నవాళ్లకు ఒక విషయం బాగా గుర్తుండే ఉంటుంది. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. ఆ మాట చెప్పి పిల్లల్ని భయపెట్టని ఇల్లు ఉండేది కాదు. ఆ మందు దేనితో చేసేవారో మాత్రం చాలామందికి తెలియదు. గొర్రె మెదడుతో చేసేవారు. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే బ్రిటిష్ వైద్యుడు ఆ పద్ధతి కనిపెట్టాడు. గొర్రె మెదడులో రేబిస్ వైరస్‌ను పెంచి, ఆ మెదడును నూరి, ఫినాల్ కలిపి వైరస్‌ను చంపి, ఆ ద్రవాన్ని పొట్ట చర్మం కిందకి ఎక్కించేవారు. మన దేశంలో దాదాపు తొంభై ఏళ్లు ఇదే నడిచింది. 2004 చివర్లో గానీ ఆపలేదు. కొందరికి ఆ మెదడు పదార్థం వల్లే పక్షవాతం వచ్చేది. ఇప్పటి టీకాలు అలాంటివి కావు. చేతికి నాలుగైదు డోసులు వేస్తారు, అంతే. దయచేసి ఆ పాత భయంతో టీకా మానకండి. కుక్క కరిస్తే ముందు సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు పుండు కడగండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

టీకా కోసం మెదడే ఎందుకు కావలసి వచ్చిందంటే, ఈ వైరస్ సమృద్ధిగా దొరికే చోటు అదే కాబట్టి. రేబిస్‌కు నాడీకణాలంటే ఉన్న ఇష్టం ఇంకే కణాల మీదా ఉండదు. వేలయేళ్లుగా మనిషిని చంపుతున్నది ఆ ఇష్టమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఇప్పటికీ ఏటా దాదాపు 59,000 మంది ఈ జబ్బుతో పోతున్నారు. లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. అలాంటి వైరస్‌నే తీసుకుని మెదడులో ఏ కణం ఏ కణంతో మాట్లాడుతుందో కనిపెట్టే పరికరంగా ఎలా మార్చారో ఈరోజు చెబుతాను. అసలు తెలివంతా దాన్ని పరిగెత్తించడంలో లేదు. దాన్ని సరైన చోట ఆపడంలో ఉంది. ఉపన్యాసం మొత్తం ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందు సమస్య ఏమిటో చూద్దాం. మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు, అంటే న్యూరాన్లు ఉన్నాయి. ఒక్కొక్కటి వేల ఇతర కణాల నుంచి సంకేతాలు అందుకుంటుంది. రెండు కణాలు కలిసే చోటును సినాప్స్ అంటాం. అక్కడ అవి నిజంగా అంటుకుని ఉండవు. మధ్యలో మిల్లీమీటరులో దాదాపు యాభై వేలో వంతు సందు ఉంటుంది. 1873లో ఇటలీలో కామిల్లో గాల్జీ వెండి లవణాలతో కణాలకు నల్లరంగు పట్టించే పద్ధతి కనిపెట్టాడు. స్పెయిన్‌లో రామోన్ ఇ కహాల్ ఆ రంగుతోనే జీవితమంతా బొమ్మలు గీసి, మెదడంతా ఒకే వల కాదు, విడివిడి కణాలేనని చూపించాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. కానీ ఆ రంగు ఒక కణం ఆకారాన్ని చూపిస్తుందే తప్ప, దాని పక్కన ఆనుకుని ఉన్న వందల కణాల్లో దేనితో సంబంధం ఉందో చెప్పదు. 1970ల మొదట్లో ఇంకో పద్ధతి వచ్చింది. గుర్రపు ముల్లంగి అనే దుంప నుంచి తీసిన ఎంజైమును మెదడులో ఒకచోట ఎక్కిస్తే, నాడీ తంతువుల చివర్లు దాన్ని పీల్చుకుని వెనక్కి, కణం శరీరం దాకా చేరవేస్తాయి. చాలా గొప్ప పద్ధతి. మెదడులో ఏ ప్రాంతం నుంచి ఏ ప్రాంతానికి దారి ఉందో మొదటిసారి స్పష్టంగా తెలిసింది. అయితే సినాప్స్ దగ్గరికి వచ్చేసరికి అదీ ఆగిపోతుంది. ఆ సందు దాటదు. పైగా ఒకే ప్రాంతంలో పది రకాల కణాలు కలిసిపోయి ఉంటాయి. ఆ తంతువు అందులో ఏ రకం కణం మీద వాలిందో చెప్పలేదు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పలచటి ముక్కలు కోసి ప్రతి సినాప్స్‌నూ చూడొచ్చు కదా అంటారేమో. చూస్తున్నారు. 2024లో ఈగ మెదడు మొత్తం, దాదాపు 1,39,000 కణాలతో పూర్తయింది. అద్భుతమైన పని. కానీ చిట్టెలుక మెదడులోనే ఏడు కోట్ల కణాలున్నాయి. అంత మెదడును ఆ పద్ధతిలో చదవటం ఇప్పటికింకా ఎవరికీ సాధ్యం కాలేదు.

అంటే సందును తనంతట తానే దాటగల పదార్థం కావాలి. ఆ పని ప్రకృతిలో చేసేవి కొన్ని వైరస్‌లు ఉన్నాయి. హెర్పిస్ ఒకటి. పందులకు వచ్చే సూడోరేబిస్ ఇంకొకటి. పేరులో రేబిస్ ఉన్నా అది హెర్పిస్ కుటుంబానిదే. వీటితో చాలా పని జరిగింది, ఇంకా జరుగుతోంది. అయితే అవి తాము చొరబడ్డ కణాన్ని త్వరగా పాడు చేస్తాయి. కణం పగిలితే వైరస్ పక్కవాటికీ అంటుకుంటుంది. అప్పుడు పక్కన ఉన్న కణానికి వైరస్ సంబంధం వల్ల అంటిందో, ఊరికే దగ్గరగా ఉండటం వల్ల అంటిందో చెప్పడం కష్టమవుతుంది.

రేబిస్ అలా కాదు. కుక్క కరిచిన చోట కండలో దిగుతుంది. ఆ కండను కదిలించే నాడి చివరిని పట్టుకుని లోపలికి పోతుంది. కణం లోపల సరుకు మోసే మోటారు ప్రొటీన్ల మీద ఎక్కి, ఆక్సాన్ అనే పొడవాటి తంతువు గుండా వెన్నుపాములోని కణం శరీరం చేరుతుంది. అక్కడ తన నకళ్లు తయారు చేసుకుని, ఆ కణానికి సంకేతాలు పంపే కణంలోకి దాటుతుంది. అక్కణ్ణుంచి దానికి పంపే కణంలోకి. ఎప్పుడూ వెనక్కే. ఉత్తరం అందుకున్న ఇంట్లో దిగి, అది రాసిన మనిషి ఇంటికి నడిచి వెళ్లి, ఆ మనిషికి ఉత్తరం రాసినవాడి ఇంటికి మళ్లీ బయల్దేరేవాణ్ణి ఊహించుకోండి. ఇలా దాటుతున్నంతసేపూ ఆ కణాలు చాలావరకు బతికే ఉంటాయి. పగిలి చుట్టుపక్కలకు చిమ్మవు. వైరస్‌కు కావలసింది కూడా అదే. దారి చెడిపోతే అది మెదడు చేరలేదు, మెదడు చేరకపోతే లాలాజలంలోకి రాలేదు, ఇంకో జంతువుకు అంటుకోలేదు.

1995లో గాబ్రియెల్లా ఉగోలిని ఈ గుణాన్ని పద్ధతిగా పరీక్షించింది. ఎలుక నాలుకను కదిలించే నాడిలో రేబిస్‌ను ఎక్కించి, రోజులు గడిచేకొద్దీ అది ఎక్కడెక్కడికి చేరుతోందో చూసింది. అది చేరిన చోట్లన్నీ నాలుక కదలికతో నిజంగా సంబంధం ఉన్నవే.

ఇక్కడ కాసేపు ఆగి ఒక ప్రయోగం చెప్పాలనుంది, ఎందుకంటే నాకు చాలా ఇష్టమైన ప్రయోగం ఇది. పిట్స్‌బర్గ్‌లో పీటర్ స్ట్రిక్ బృందం 2016లో ప్రచురించింది. మూత్రపిండాల మీద టోపీలా కూర్చునే అడ్రినల్ గ్రంథి మీకు తెలుసు. టెన్షన్ వచ్చినప్పుడు గుండె దడదడలాడించే అడ్రినలిన్ దాని మధ్యభాగం నుంచే వస్తుంది. మెదడు పైపొర, అంటే మనం ఆలోచించే, పథకం వేసే, చేయి కదిపే భాగం, ఈ గ్రంథిని అదుపు చేస్తుందా? చేస్తే ఏ భాగం చేస్తుంది? వాళ్లు కోతుల అడ్రినల్ గ్రంథిలో రేబిస్‌ను ఎక్కించారు. అది వెన్నుపాముకు, అక్కణ్ణుంచి మెదడు కాండానికి, అక్కణ్ణుంచి పైపొరకు చేరింది. ఏదో ఒక్క 'భావోద్వేగ కేంద్రం' వెలుగుతుందని చాలామంది అనుకుని ఉంటారు. అలా జరగలేదు. శరీరాన్ని కదిలించే ప్రాంతాల్లో కణాలు వెలిగాయి. అందులోనూ నడుము, వెన్ను లాంటి మొండెం భాగాన్ని కదిలించే చోట. ఆలోచనకు, మనోభావాలకు సంబంధించిన ముందు భాగాల్లో కూడా వెలిగాయి. అంటే మన కదలికకు, ఆలోచనకు, మనసుకు సంబంధించిన మెదడు భాగాలన్నింటికీ ఒత్తిడి హార్మోన్ విడుదల చేసే గ్రంథి దాకా నిజమైన తీగలున్నాయి. 'అంతా నీ మనసులోనే ఉంది' అని రోగిని తేలిగ్గా తీసిపారేసేవాళ్లకి ఈ పటం చూపించాలి. మనసులో ఉన్నది గ్రంథి దాకా ఏ దారిన వెళ్తుందో ఇందులో కణం కణంగా కనిపిస్తుంది. వ్యాయామం వల్ల ఒత్తిడి తగ్గటానికి మొండెం నుంచి పోయే ఈ దారి కూడా ఒక కారణమేమోనని ఆ బృందం అంది. అది ఊహే, రుజువు కాదు. తీగ ఉందని తేలింది, దాని మీద ఏ కబురు పోతుందో వేరుగా తేల్చాలి.

ఇదంతా సహజ రేబిస్‌తో జరిగిన పని. దాంతో ఒక పెద్ద చిక్కు ఉంది. అది ఆగదు. మొదటి అంచె, రెండో అంచె, మూడో అంచె, అలా పోతూనే ఉంటుంది. ఏది ఎన్నో అంచెయో గడిచిన గంటలను బట్టి లెక్కేసుకోవాలి. కానీ బలహీనమైన నేరు సంబంధాన్ని దాటటానికి దానికి ఎక్కువ సమయం పట్టవచ్చు. రెండు బలమైన సంబంధాలను అంతకంటే తొందరగా దాటేయవచ్చు. అప్పుడు నేరుగా మాట్లాడేది ఎవరో, మధ్యవర్తి ద్వారా మాట్లాడేది ఎవరో కలిసిపోతుంది. పైగా ఇది పూర్తి ప్రాణాంతక వైరస్. పనిచేసేవాళ్లందరూ ముందే టీకా వేయించుకుని, చాలా కట్టుదిట్టమైన ల్యాబులో మాత్రమే చేయగలరు.

ఇక ఆపడం దగ్గరికి వద్దాం.

రేబిస్ వైరస్‌కు ఉన్నవి కేవలం ఐదు జన్యువులు. మొత్తం ఆర్‌ఎన్‌ఏ పొడవు దాదాపు పన్నెండు వేల అక్షరాలు. ఆ ఐదులో ఒకటి జీ జన్యువు. దాని నుంచి వచ్చే ప్రొటీన్ వైరస్ పైతొడుగు మీద ముళ్లలా నిలబడుతుంది. వైరస్ కొత్త కణాన్ని పట్టుకుని లోపలికి పోయేది ఈ ముళ్లతోనే. కణం లోపల నకళ్లు తయారు చేసుకోవటానికి మాత్రం ఇది అవసరం లేదు. జీ లేని రేబిస్ కణంలోకి ఎలాగో చేరితే, లోపల లక్షణంగా పెరుగుతుంది, కానీ ఇంకో కణంలోకి దాటలేదు.

జన్యువును ఇష్టం వచ్చినట్టు తీసేయాలంటే ముందు వైరస్‌ను డీఎన్‌ఏ నకలు నుంచి మళ్లీ పుట్టించటం రావాలి. 1994లో జర్మనీలో కార్ల్-క్లాస్ కాంజెల్‌మన్ బృందం అది సాధించింది. వాళ్లు వాడిన ఎస్‌ఏడీ బీ19 రకం, ఐరోపాలో నక్కలకు ఎరలో పెట్టి తినిపించే టీకా వైరస్. అడవిలో రేబిస్‌ను తగ్గించిన రకమే తర్వాత మెదడు పటం గీయటానికి వచ్చింది.

2007లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో ఇయాన్ వికర్‌షామ్, ఎడ్వర్డ్ కాలవే, కాంజెల్‌మన్ బృందంతో కలిసి పూర్తి పద్ధతిని ప్రచురించారు. నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే ఇందులో ప్రతి భాగమూ ఒక్కో ప్రశ్నకు సమాధానం.

మొదటి ప్రశ్న, వైరస్ మనం చెప్పిన కణంలోకే ఎలా వెళ్లాలి? కోళ్లలో క్యాన్సర్ తెచ్చే ఒక వైరస్ ఉంది. దాని పైతొడుగు ప్రొటీన్ పేరు ఎన్వ్-ఏ. అది పట్టుకునేది టీవీఏ అనే గ్రాహకాన్ని. ఆ గ్రాహకం పక్షి కణాల మీద ఉంటుంది గానీ ఎలుకకూ మనిషికీ అసలు ఉండదు. జీ జన్యువు తీసేసిన రేబిస్‌కు ల్యాబులో ఈ కోడి వైరస్ తొడుగు తొడిగారు. ఇప్పుడది ఎలుక మెదడులో ఏ కణాన్నీ పట్టుకోలేదు, మనం ముందే టీవీఏ పెట్టిన కణాన్ని తప్ప.

రెండో ప్రశ్న, అక్కణ్ణుంచి ఒక్క అంచె దాటాలంటే? అదే కణంలో జీ జన్యువును కూడా విడిగా పెడతారు. వైరస్ లోపల నకళ్లు చేసుకుంటుంది. ఆ నకళ్లు కణం ఇచ్చిన జీ ప్రొటీన్ తొడుక్కుని, సినాప్స్ దాటి, ఆ కణానికి సంకేతం పంపే కణంలోకి వెళ్తాయి. ఆ రెండో కణంలో జీ లేదు. వైరస్ దగ్గరా జీ జన్యువు లేదు. పెరుగుతుంది, తనలో ముందే పెట్టిన రంగు ప్రొటీన్ జన్యువుతో ఆ కణాన్ని వెలిగిస్తుంది, అక్కడే ఉండిపోతుంది. గంటలు లెక్కపెట్టాల్సిన పని లేదు. వెలిగిన ప్రతి కణమూ మొదటి కణంతో నేరుగా మాట్లాడేదే.

మొదట దీన్ని ల్యాబులో బతికించిన మెదడు ముక్కల్లో, ఒకే ఒక్క కణం నుంచి మొదలుపెట్టి చూపించారు. వెలిగిన కణాల్లో ఎలక్ట్రోడ్లు పెట్టి, నిజంగానే అవి సంకేతం పంపుతున్నాయని సరిచూశారు. ఇప్పుడు సాధారణంగా బతికున్న చిట్టెలుకలోనే చేస్తారు. టీవీఏ, జీ జన్యువులను ఏఏవీ అనే హాని చేయని ఇంకో వైరస్ మోసుకెళ్తుంది. డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాల్లోనో, ఇంకేదో ఒక రకం కణాల్లోనో మాత్రమే అవి పనిచేసేలా ఎలుకలో జన్యుపరమైన ఏర్పాటు ఉంటుంది. రెండు మూడు వారాలు ఆగి రేబిస్‌ను ఎక్కిస్తారు. మరో వారానికి మెదడు కోసి చూస్తారు. ఆ ఎలుక ప్రాణం పోతుంది. మనకు వచ్చే ప్రతి పటం వెనక అది ఉంది కాబట్టి చెప్పకుండా దాటెయ్యదలచుకోలేదు.

దీంతో ఏం తెలిసింది? ఒక్కటి చెబుతాను. 2012లో హార్వర్డ్‌లో మిత్సుకో వాతాబె-ఉచిదా, నావొషిగె ఉచిదా బృందం డోపమైన్ కణాలకు నేరుగా ఎవరు మాట్లాడతారో మెదడంతా వెతికింది. పక్కపక్కనే ఉండే రెండు డోపమైన్ గుంపులున్నాయి. పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బులో ఎక్కువగా చనిపోయేది ఒకటి, ఆశకు, ప్రతిఫలానికి సంబంధించింది అని మనం చదివేది ఇంకొకటి. మొదటి గుంపుకు స్పర్శ, కదలిక ప్రాంతాల నుంచి నేరుగా ప్రేరణ వస్తోంది. రెండో గుంపుకు ఆకలి లాంటి అవసరాలను చూసే హైపోథలామస్ పక్క భాగం నుంచి. చూడటానికి ఒకేలా ఉండి, ఒకే రసాయనం వదిలే కణాలు, వినేది మాత్రం వేరే వాళ్ల మాట. డోపమైన్ అంటే 'ఆనంద రసాయనం' అని రాసేవాళ్లు ఈ ఒక్క పటం చూసినా ఆ మాట వాడటం మానేస్తారని నా నమ్మకం.

రంగుతోనే ఆగాల్సిన పనీ లేదు. జీ తీసేసిన చోట, కణం పనిచేస్తున్నప్పుడు మెరిసే ప్రొటీన్ జన్యువును పెట్టొచ్చు. 2015లో బాసెల్‌లో బొటోండ్ రొస్కా బృందం చిట్టెలుక చూపు ప్రాంతంలో ఒకే కణానికి మాట్లాడే వందల కణాలను ఇలా గుర్తించి, ఎలుక ముందు గీతలు కదిలిస్తూ అవన్నీ దేనికి స్పందిస్తున్నాయో బతికుండగానే చూసింది.

ఇక లోపాలు. వీటి గురించి మా రంగంలో తగినంత మాట్లాడటం లేదని నా అభిప్రాయం. రేబిస్ ప్రతి సినాప్స్‌నూ దాటదు. ఒక కణానికి వేల మంది మాట్లాడుతుంటే అందులో కొంత భాగమే వెలుగుతుంది. ఏ భాగం వెలుగుతుందనేది కణం రకాన్ని బట్టి, వైరస్ రకాన్ని బట్టి మారుతుంది. కాబట్టి వెలిగింది అంటే సంబంధం ఉన్నట్టే, కానీ వెలగలేదు అంటే సంబంధం లేదని కాదు. చీకటిగా ఉన్న చోటును చూపించి 'ఇక్కడ దారి లేదు' అని రాసిన పరిశోధనా పత్రాలను నేను నమ్మను. ఎక్కువ కణాలు వెలిగాయి కాబట్టి సంబంధం బలంగా ఉంది అనటం కూడా అంతే. టీవీఏ సంగతి మరీ సున్నితం. అనుకోని కణంలో అది రవ్వంత కారినా చాలు, వైరస్ అక్కడికీ దిగిపోతుంది. అందుకే గట్టిగా పట్టుకోని, మార్చిన టీవీఏ కూడా తయారు చేశారు.

అన్నిటికంటే పెద్దది, ఈ వైరస్ కణాన్ని మెల్లగా చంపుతుంది. రెండు వారాలు దాటితే ఆ కణం ప్రవర్తన నమ్మదగింది కాదు. దీన్ని దాటటానికి 2017లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఒక బృందం, తన ప్రొటీన్‌ను తానే కరిగించుకుని ఆరిపోయే రేబిస్‌ను ప్రకటించింది. తర్వాత వికర్‌షామ్ బృందం వాటిలో కొన్ని నమూనాల జన్యుక్రమాన్ని చదివి, కరిగించే ఆ భాగాన్ని మ్యుటేషన్ వల్ల వైరస్ పోగొట్టుకుందని చూపించింది. కేంబ్రిడ్జ్ వాళ్లు తిరిగి జవాబిచ్చారు, జాగ్రత్తగా పెంచితే నిలుస్తుందని. ఆర్‌ఎన్‌ఏ వైరస్ కదా, నకలు తీసే ప్రతిసారీ తప్పులు చేస్తుంది. తనకు అడ్డమైనదాన్ని వదిలించుకున్న నకలే ఎక్కువ పెరుగుతుంది. అందుకే పంచుకునే ప్రతి సీసాలోని వైరస్ జన్యుక్రమాన్నీ చదివి చూసుకోవాలి. వికర్‌షామ్ వాళ్లు ఇంకో దారి పట్టారు. జీతో పాటు నకలు తీసే యంత్రమైన ఎల్ జన్యువును కూడా తీసేశారు. 2018లో వచ్చిన ఆ వైరస్ కణాన్ని నెలల తరబడి బతకనిస్తుంది.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: ఈ మార్చిన రేబిస్ ల్యాబు నుంచి బయటికొస్తే?

మంచి ప్రశ్న, ఇది అడగాల్సిందే. జీ జన్యువు లేదు కాబట్టి అది ఒక కణం నుంచి ఇంకో కణానికి తనంతట పోలేదు. కోడి తొడుగు ఉన్నది మన కణాలను అసలు పట్టుకోలేదు. ల్యాబులో జీ తొడుగుతో చేసినవి కూడా ఉంటాయి, అవి సూది గుచ్చుకున్న చోట కొన్ని కణాల్లోకి దిగగలవు, అక్కడితో సరి. అయినా జాగ్రత్తలు తప్పనిసరి. అసలు జీ జన్యువుతో పొరపాటున కలిసే అవకాశం లేకుండా, సహజ రేబిస్‌తో చేసే పనికి దూరంగా ఉంచాలి.

ప్రశ్న: అమ్మమ్మకి పార్కిన్సన్స్ ఉందండీ. ఇలాంటిది మనుషుల మెదడులో చేసి జబ్బు ఎక్కడుందో చూడొచ్చా?

లేదమ్మా. బతికున్న మనిషి మెదడులో రేబిస్‌ను ఎక్కించరు, ఎక్కించకూడదు కూడా. కానీ మీ అమ్మమ్మ జబ్బుకు సంబంధించి ఇది ఇప్పటికే ఒక పని చేసింది. పార్కిన్సన్స్‌లో చనిపోయిన డోపమైన్ కణాల స్థానంలో, మూలకణాల నుంచి పెంచిన కొత్త కణాలను నాటాలని చాలా ఏళ్లుగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. అక్కడ అందరినీ వేధించిన ప్రశ్న ఒకటే. నాటిన కణం ఊరికే బతికి ఉంటుందా, లేక చుట్టూ ఉన్న మెదడు దానితో మాట్లాడుతుందా? స్వీడన్‌లోని లుండ్‌లో మాలిన్ పార్మర్ బృందం మానవ మూలకణాల నుంచి పెంచిన నాడీకణాల్లోనే ముందుగా టీవీఏ, జీ పెట్టి, వాటిని ఎలుక మెదడులో నాటి, తర్వాత రేబిస్‌ను పంపింది. ఎలుక సొంత కణాలు వెలిగాయి. అంటే ఎలుక మెదడు ఆ మనిషి కణాలకు సంకేతాలు పంపడం మొదలుపెట్టింది, అదీ చాలా తొందరగా. ఆ ఫలితం 2015లో వచ్చింది. 2023లో అదే లుండ్‌లో, మూలకణాల నుంచి పెంచిన డోపమైన్ కణాలను ట్రయల్‌లో భాగంగా మొదటి పార్కిన్సన్స్ రోగి మెదడులో నాటారు. ఆ ట్రయల్ కణాల్లో ఏ వైరస్సూ లేదు. రేబిస్ చేయాల్సింది అంతకు ముందే, ఎలుకలో చేసేసింది.